గట్టు మీది కుర్చీలు ఎవరివి?

తుఫాను వస్తోందంటే మండలంలో బళ్లన్నిటికీ సెలవు. మా బడికి మాత్రం ఆ రోజే పని ఎక్కువ. బడి డాబానే షెల్టరు కదా! బల్లలు ఓ మూలకి నెట్టి, గదులు ఊడ్చి, బిందెల్లో మంచినీళ్లు పట్టి జనం కోసం చూస్తాం. ముందుగా వచ్చేది ఎవరు? పల్లంలో ఉన్నవాళ్లు. మాలపల్లె వాళ్లు, మాదిగపల్లె వాళ్లు, డ్రైను గట్టున గుడిసెలేసుకున్న యానాదులు, ఒడ్డున వలలు ఆరేసుకునే మత్స్యకారులు. మెరక మీద మేడ ఉన్న ఆసామి రాడు. ఆయనకి షెల్టరుతో పనిలేదు. కానీ కరకట్టకి మన్ను ఎక్కడ తోలాలి, తూము ఎక్కడ పెట్టాలి, ఏ డ్రైనులో పూడిక ఈ ఏడు తీయాలి, ఏది వచ్చే ఏడుకి వదిలెయ్యాలి అని మాట్లాడుకునే చోట కుర్చీ ఆయనదే.

మునిగేది ఒకరు. నిర్ణయించేది ఇంకొకరు.

మా ఇళ్లల్లో కాలేజీ గడప తొక్కిన మొదటి తరం మేము. మా అమ్మానాన్నల తరానికి ఉప్పెన అంటే 1977 నవంబరు 19. ఆ రోజు దివిసీమలో సముద్రం ఊళ్ల మీదికి లేచి వచ్చింది. పదివేల మందికి పైగా పోయారంటారు. ఊరు కాని ఊరొచ్చి కళ్లాల్లో పడుకున్న కూలీలని ఎవరు లెక్కపెట్టారు? ఆ రాత్రి తాడిచెట్టు పట్టుకుని బతికిన మా పేట ముసలాయన ఒకసారి మమ్మల్ని నిలదీశాడు: "మీరు చదువుకున్నారు గదరా! గట్టు ఎంత ఎత్తు ఉండాలో చెప్పేది ఎవరు? మనల్ని ఎందుకు అడగరు?"

ఆ ప్రశ్నకి జవాబు వెతుక్కుంటూ పోతే మాకు దూరదేశం కథ ఒకటి దొరికింది. అమెరికా గొడవ మనకెందుకు అనకండి. లూసియానా రాష్ట్రంలో న్యూ ఆర్లీన్స్ అనే నగరం ఉంది. మహానది చివర, సముద్రం పక్కన, పల్లంలో ఉన్న ఊరు. కృష్ణకి దివిసీమ ఎలాగో మిసిసిపి నదికి అది అలాగ. అక్కడ గట్ల మీద పెత్తనానికి ప్రత్యేకంగా బోర్డులున్నాయి. ఆ కుర్చీల్లో ఎవరు కూర్చుంటే ఎవరు మునిగారో వందేళ్ల లెక్క కళ్లముందు ఉంది. అది మనకి పాఠం.

గండి పడిందా, గండి కొట్టారా?

1927 మార్చి 20న బాబాసాహెబ్ అంబేడ్కర్ మహాడ్‌లో చవదార్ చెరువు నీళ్లు దోసిట పట్టి తాగారు. నీళ్లు ఎవరివని ఆ రోజు దేశాన్ని అడిగారు. సరిగ్గా ఆ రోజుల్లోనే అమెరికాలో మిసిసిపి పొంగింది. అక్కడి ప్రశ్న ఇంకోటి: నీళ్లలో మునగాల్సింది ఎవరు?

ఏప్రిల్ 21న గ్రీన్‌విల్ అనే ఊరికి ఎగువన గట్టు తెగింది. పత్తి భూస్వాముల దగ్గర పనిచేసే నల్లజాతి కూలీలు వేలమంది ప్రాణాలు అరచేత పట్టుకుని గట్టెక్కారు. పడవలొచ్చాయి. తెల్లవాళ్లని ఎక్కించుకుపోయాయి. నల్లవాళ్లని తీసుకుపోదామంటే భూస్వాములు అడ్డం పడ్డారు. ఒకసారి పోతే మళ్లీ కూలికి తిరిగిరారని వాళ్ల భయం. వానలో, బురదలో, గట్టు మీదే ఆ జనాన్ని ఉంచి, తుపాకీ కాపలా పెట్టి పనిచేయించారు. చదువుతుంటే ఇది మన ఊరి కథే కదా అనిపించలేదా?

ఎనిమిది రోజులకే, ఏప్రిల్ 29న, న్యూ ఆర్లీన్స్ దిగువన ఇంకో ఘోరం. నగరాన్ని కాపాడుకోవాలని అక్కడి బ్యాంకర్లు, పెద్ద వ్యాపారులు ప్రభుత్వాన్ని ఒప్పించి కేర్నార్వన్ దగ్గర గట్టుని డైనమైటు పెట్టి పేల్పించారు. సెయింట్ బెర్నార్డ్, ప్లాకమిన్స్ అనే రెండు పారిష్‌లు మునిగాయి. పారిష్ అంటే మన జిల్లా లాంటిది. పదివేల మంది దాకా ఇల్లూ వాకిలీ వదిలారు. వేటాడి, చేపలు పట్టి బతికే బీదజనం. వాళ్లల్లో తెల్లవాళ్లూ ఉన్నారు, నల్లవాళ్లూ ఉన్నారు. పరిహారం ఇస్తామన్నారు. చాలామందికి దక్కింది నామమాత్రం. తీరా చూస్తే ఎగువన వేరే గట్లు తెగి నది ఒత్తిడి తగ్గింది. ఆ గండి కొట్టాల్సిన పనే లేదని తర్వాత తేలింది.

అందుకే చెప్తున్నాం. గట్టు ఎక్కడ తెగాలో నిర్ణయించేది ఏరు ఒక్కటే కాదు. ఏటి కంటే ముందు ఒక గదిలో కొందరు కూర్చుని ఉంటారు.

ఫౌంటెనుకి తీరిక ఉంది, గోడకి లేదు

తర్వాత ఎనభై ఏళ్లు గడిచాయి. న్యూ ఆర్లీన్స్‌లో ఆర్లీన్స్ లెవీ బోర్డు అని ఒకటి ఉండేది. లెవీ అంటే కరకట్ట. అందులో ఎక్కువమంది గవర్నరు వేసిన మనుషులు. ఆ బోర్డు చేతిలో ఒక విమానాశ్రయం ఉంది. షికారు పడవల రేవులున్నాయి. జూదం ఆడే ఓడకి ఇచ్చిన లీజు ఉంది. ఉత్సవాల పేరుతో కట్టిన ఫౌంటెను బాగుచేయించడానికి డబ్బూ తీరికా ఉన్నాయి. గట్ల తనిఖీ మాత్రం కొన్ని గంటల్లో కార్లేసుకుని చుట్టి రావడం, తర్వాత విందు భోజనం. ఇది మేము కల్పించింది కాదు. 2005 డిసెంబరులో అమెరికా సెనేటు కమిటీ విచారణలో బయటపడ్డ సంగతి.

అప్పటికే జరగాల్సింది జరిగిపోయింది. 2005 ఆగస్టు 29న కత్రినా తుఫాను వచ్చింది. కాలవల వెంట కట్టిన గోడలు కూలాయి. కొన్నిచోట్ల నీళ్లు గోడ పైదాకా రాకముందే గోడ ఒరిగిపోయింది. నగరంలో నూటికి ఎనభై వంతులు మునిగింది. ఆ నగరంలో మూడింట రెండొంతులు నల్లజాతి జనం. లోయర్ నైన్త్ వార్డు అనే నల్లవాళ్ల పేటలో గోడ తెగిన చోట నీళ్లు ఇళ్లని పునాదులతో సహా లేపేశాయి. కారున్నవాడు ముందే వెళ్లిపోయాడు. కారు లేనివాడు, మంచాన పడ్డ ముసలివాడు మిగిలిపోయారు. వెయ్యి మందికి పైగా చచ్చిపోయారు.

తప్పు మొత్తం ఆ బోర్డుదే అంటే న్యాయం కాదు. గోడల డిజైనూ, కట్టడం కేంద్ర ప్రభుత్వం కింద ఉన్న ఆర్మీ ఇంజనీర్ల విభాగానిది. తమ డిజైనులో తప్పు ఉందని 2006లో ఆ విభాగమే ఒప్పుకుంది. కానీ గట్లని రోజూ కనిపెట్టుకుని ఉండాల్సిన బోర్డు వేరే వ్యాపకాల్లో మునిగి ఉందన్నది కూడా నిజమే.

తొమ్మిదిమంది బోర్డు చేసిన పని

జనం కోపం చల్లారలేదు. 2006లో లూసియానా జనం ఓటేసి రాష్ట్ర రాజ్యాంగాన్నే సవరించారు. ముక్కముక్కలుగా ఉన్న పాత బోర్డులని కలిపి ఆగ్నేయ లూసియానా వరద రక్షణ అథారిటీ అని పెట్టారు. నదికి తూర్పు వైపు ఒకటి, పడమటి వైపు ఒకటి. తూర్పు అథారిటీ పాలకవర్గంలో తొమ్మిదిమంది. అందులో ఎక్కువమంది ఇంజనీర్లు, నీళ్లూ నేలా చదివిన నిపుణులు ఉండాలని చట్టంలోనే రాశారు. గవర్నరు తన ఇష్టమొచ్చినవాణ్ణి వేయడానికి లేదు. ఒక ఎంపిక కమిటీ పేర్లు పంపితే అందులోంచే వేయాలి. బావుంది కదా?

ఆ తొమ్మిదిమంది గట్లు చూస్తూ చూస్తూ గట్టు అవతలికి కూడా చూశారు. గట్టుకీ సముద్రానికీ మధ్య పూర్వం మైళ్ల కొద్దీ తడినేలలు, గడ్డి మడుగులు ఉండేవి. ఉప్పెన వస్తే దాని జోరు అక్కడే విరిగేది. మనకి మడ అడవి ఎలాగో వాళ్లకి అది అలాగ. 1930ల నుంచి ఆ రాష్ట్రం అయిదువేల చదరపు కిలోమీటర్ల నేలని సముద్రానికి పోగొట్టుకుంది. ఎందుకు? కారణాలు చాలా ఉన్నాయి. నదిని గట్ల మధ్య బిగించేసరికి ఒండ్రు రావడం ఆగిపోయింది. దానికి తోడు చమురు కంపెనీలు గొట్టాల కోసం, పడవల కోసం ఆ నేలలో వేల మైళ్ల కాలవలు తవ్వాయి. ఆ కాలవల వెంట ఉప్పునీళ్లు లోపలికొచ్చి గడ్డిని చంపేశాయి. గడ్డి వేళ్లు చచ్చాక నేల కరిగిపోయింది.

2013 జులై 24న ఈ బోర్డు 97 చమురు, గ్యాసు, గొట్టాల కంపెనీల మీద దావా వేసింది. మీరు తవ్విన చోట మీరు పూడ్చండి, లేకపోతే మేము గట్లు పెంచుకోవడానికయ్యే ఖర్చు కట్టండి అని అడిగింది. ఒక గట్టు బోర్డు ఇంత పెద్దవాళ్ల మీద నిలబడటం అరుదు. ఆ బోర్డు ఉపాధ్యక్షుడు జాన్ బ్యారీ. 1927 వరద మీద పెద్ద పుస్తకం రాసిన చరిత్రకారుడు. గండి కొట్టిన కథ చదివినవాడికి గండి కొట్టేవాళ్ల ముఖాలు తెలుస్తాయి మరి!

అప్పటి గవర్నరు బాబీ జిందాల్. పంజాబు నుంచి వెళ్లిన తల్లిదండ్రుల కొడుకు. మనవాడు గవర్నరయ్యాడని ఇక్కడ సంబరపడ్డవాళ్లున్నారు. ఆయన కంపెనీల పక్కన నిలబడ్డాడు. కొన్ని నెలలకే బ్యారీకి మళ్లీ కుర్చీ దక్కలేదు. 2014లో శాసనసభ ఆ దావాని ఆపడానికే ఒక చట్టం చేసింది. గవర్నరు సంతకం పెట్టాడు. 2015లో ఫెడరల్ కోర్టు దావా కొట్టేసింది. 2017లో అప్పీలు కోర్టు అదే తీర్పు నిలబెట్టింది. అదే ఏడు సుప్రీంకోర్టు వినడానికే ఒప్పుకోలేదు. ఒంటి రంగు చూసి, ఇంటిపేరు చూసి మురిసిపోతే చాలదు. ఎవరి పక్కన నిలబడ్డాడో చూడాలి.

కానీ వేసిన విత్తనం ఊరికే పోలేదు. పారిష్‌లు విడివిడిగా దావాలు వేశాయి. 2025 ఏప్రిల్‌లో ప్లాకమిన్స్ పారిష్ దావాలో జ్యూరీ షెవ్రాన్ కంపెనీని 74 కోట్ల డాలర్ల పైచిలుకు కట్టమంది. కంపెనీ ఊరుకోలేదు, పై కోర్టుల తలుపు తట్టింది. 1927లో డైనమైటు పెట్టి ముంచిన పారిష్‌లలో ప్లాకమిన్స్ ఒకటని గుర్తుంచుకోండి.

ఈ కథలో మేము చూసింది ఇది. చదువు లేని బోర్డు ఊరిని పట్టించుకోలేదు. చదువున్న బోర్డు ధైర్యం చేసింది. అయినా దాని పక్కన కొన్ని పర్యావరణ సంఘాలు నిలిచాయే గానీ, దాని కుర్చీలు ఉంచే అధికారం, తీసే అధికారం మునిగిన పేటల చేతిలో లేవు. ఆ తొమ్మిది కుర్చీల్లో నిపుణులకి ఇన్ని అని చట్టంలో రాశారు. మునిగిన పేటకి ఒకటి అని రాయలేదు. కింద వేళ్లు లేని చెట్టుని పైనుంచి తోసేయడం తేలిక.

ఇంకొక్క సంగతి. అదే రాష్ట్రంలో ఐల్ డి జాన్ చార్లెస్ అని ఒక చిన్న దీవి. ఆదివాసులు ఉండే చోటు. పెద్ద గట్టుకి గీత గీసినప్పుడు, ఖర్చు గిట్టదని ఆ దీవిని గీత బయట వదిలేశారు. చివరికి 2016లో ప్రభుత్వం 4 కోట్ల 80 లక్షల డాలర్లిచ్చి ఊరు మార్చుకోమంది. గీత లోపల ఉన్నవాడికి గట్టు. గీత బయట ఉన్నవాడికి మూటాముల్లె.

మన దగ్గర ఏడు కుర్చీలు

ఇప్పుడు మన ఇంటి సంగతి. మనకి గట్ల బోర్డంటూ వేరే లేదు. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం ఉంది. దాని కింద రాష్ట్రానికి ముఖ్యమంత్రి అధ్యక్షుడుగా ఒక అథారిటీ. జిల్లాకి కలెక్టరు అధ్యక్షుడుగా ఒక అథారిటీ. జిల్లాది ఏడుగురికి మించకూడదు. కలెక్టరు, జిల్లా పరిషత్తు ఛైర్మను, ఎస్పీ, జిల్లా వైద్యాధికారి, ఇంకా అధికారులు. ఆ ఏడుగురిలో జనం ఓటేసి పంపిన మనిషి ఒక్కరు. ఆ పదవి రిజర్వేషన్‌లో మనకి వచ్చిన అయిదేళ్లు మనిషి ఉంటాడు. రాని అయిదేళ్లు లేడు.

1997లో వచ్చిన నీటి సంఘాల చట్టం చూడండి. కాలవల మీద పెత్తనం జనానికి ఇచ్చామన్నారు. ఏ జనానికి? ఆయకట్టులో పొలం ఉన్నవాడికి ఓటు. ఆ పొలంలో నాట్లేసే ఆడకూలికి లేదు. కాలవ పొంగితే ముందు మునిగే గుడిసెకి లేదు.

కోర్టుకెళ్లి గెలిస్తే మాత్రం ఏమయింది? 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీరప్రాంతంలో నిబంధనలకి విరుద్ధంగా ఉన్న రొయ్యల చెరువులు తీసేయమంది. కేసు వేసింది తమిళనాడు గాంధేయవాది జగన్నాథన్. 2005లో పార్లమెంటు ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం చేసి ఆ చెరువులకి మళ్లీ దారి తెరిచింది. లూసియానాలో 2014లో జరిగిన తంతు మన దేశంలో తొమ్మిదేళ్ల ముందే అయిపోయింది. మడలు నరికినవాడికి చట్టం వచ్చింది. మడల వెనక గుడిసె ఉన్నవాడికి ఏమొచ్చింది?

విపత్తు చట్టంలో మనకి పనికొచ్చేవి లేకపోలేదు. 61వ సెక్షను చూడండి. సహాయంలో, పరిహారంలో కులం, మతం, ఆడామగా తేడా చూపించకూడదని ఉంది. అది ఊరికే రాలేదు. 2004 డిసెంబరు 26 సునామీ తర్వాత నాగపట్నం ప్రాంతంలో దళితులని శిబిరాల్లో వేరు పెట్టారని, సాయం అందనివ్వలేదని హక్కుల సంఘాలు రాశాయి. ఏడాది తిరిగేసరికి చట్టంలో ఆ మాట చేరింది. కానీ చూడండి, తేడా చూపించకూడదన్నది మునిగాక పంచే బియ్యం దగ్గర. మునగకముందు గట్టు కట్టే దగ్గర ఆ మాట లేదు. మాకు బియ్యంలోనే కాదు, గట్టు ఎత్తులో కూడా సమానం కావాలి.

కూలోడికి గట్టు సంగతి ఏం తెలుసు, అది ఇంజనీర్ల పని అంటారు. మేము ఇంజనీరుని కాదనడం లేదు. ఇంజనీరు లేని బోర్డు ఎంత ప్రమాదమో న్యూ ఆర్లీన్స్ చూసింది. కానీ గట్టులో ఎక్కడ ఊట కారుతుందో, ఎక్కడ ఎలకలు, పీతలు బొరియలు పెట్టాయో, ఏ తూము తలుపు తుప్పుపట్టి దిగదో, పోటు నీళ్లు ముందు ఏ వీధిలోకి వస్తాయో ఎవరికి తెలుసు? గట్టు కింద పడుకునేవాడికి తెలుసు. కాగితం మీది గీతకి ఇంజనీరు కావాలి. ఆ గీత ఎవరిని బయట పెడుతోందో చెప్పడానికి మన మనిషి కావాలి. ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చోవాలి.

మేము అడిగేది ఇది

ఊరూరా కార్యకర్తలు ఈ మాటలు గ్రామసభలో పెట్టండి. విపత్తు చట్టం 28వ సెక్షను ప్రకారం జిల్లా అథారిటీ సలహా కమిటీలు వేసుకోవచ్చు. గట్ల మీద, డ్రైన్ల మీద ఒక సలహా కమిటీ వేయమని తీర్మానం చేయండి. అందులో మాల, మాదిగ, యానాది, మత్స్యకార పేటల మనుషులుండాలి. సగం మంది ఆడవాళ్లుండాలి. గట్టు తెగిన రాత్రి పిల్లల్ని చంకనేసుకుని పరిగెత్తేది వాళ్లే కాబట్టి.

జిల్లా విపత్తు ప్రణాళిక అని ఒక పుస్తకం కలెక్టరాఫీసులో ఉండాలి. అది స్థానిక సంస్థలని సంప్రదించి తయారు చేయాలని చట్టం. మీ పంచాయతీని ఎవరైనా సంప్రదించారా? అడగండి. సమాచార హక్కు కింద అర్జీ పెట్టి ఆ పుస్తకం నకలు తెప్పించుకోండి. అందులో మీ పేట పేరుందా, మీ షెల్టరుకి దారుందా, మీ గట్టు ఎత్తు ఎంత రాశారు, వెతకండి. చదవడం రాకపోతే మా దగ్గరికి తీసుకురండి. కూర్చుని చదువుదాం.

ప్రతి ఏడు మేలో, వానలు పడకముందు, ఇంజనీరూ పేట పెద్దలూ కలిసి గట్టు పొడుగునా కాలినడకన నడవాలని అడగండి. జీపులో కాదు. ఎక్కడ గట్టు కుంగిందో ఆ రోజే కాగితం మీద రాసి ఇద్దరూ సంతకాలు పెట్టాలి. ఒక నకలు పంచాయతీలో ఉండాలి. రేపు గట్టు తెగితే, మాకు ఎవరూ చెప్పలేదు అనే మాట వాళ్ల నోట రాకూడదు.

చివరగా, సలహాతో సరిపెట్టుకోవద్దు. ఆ ఏడు కుర్చీల్లో ముంపు పేటలకి హక్కుగా కుర్చీ కావాలని చట్ట సవరణ అడగాలి. దయతో వేసిన కుర్చీని దయ తప్పిన రోజు లాగేస్తారు. జాన్ బ్యారీ అంతటి పండితుడికే అది జరిగింది.

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటింది. ఆ రాత్రి మా బళ్లో ఒక పిల్ల కిటికీ చువ్వలు పట్టుకుని నిలబడి అడిగింది: "మేస్టారూ, నీళ్లు మా ఇంటికే ముందు ఎందుకొస్తాయండీ?"

మీ ఇల్లు పల్లంలో ఉంది కాబట్టి అని చెప్పాం. అది సైన్సు పాఠంలోని జవాబు. మీ ఇల్లు పల్లంలో ఎందుకుంది, ఆ పల్లానికి గట్టు ఎందుకు లేదు అన్నది సాంఘిక శాస్త్రం. ఆ పాఠం పుస్తకంలో లేదు. మన పేటల్లో మనమే చెప్పుకోవాలి. చెప్పుకున్నాక, లేచి ఆ గదిలోకి వెళ్లి కుర్చీ లాక్కుని కూర్చోవాలి.